మూడు డిపోల లెక్క

కెజియా గురించి చెప్పాలంటే ఆమె ఉద్యోగం గురించే చెప్పాలి. ఆ పిల్లకు వేరే సంగతులంటూ పెద్దగా మిగల్లేదు. తాడేపల్లిగూడెంలో ఒక చేపల మేత కంపెనీ. కొల్లేటి చుట్టుపక్కల చెరువులకు ఏ డిపో నుంచి మేత పంపితే లారీల తిరుగుడూ గోడౌన్లలో నిల్వ ఖర్చూ కలిపి తక్కువవుతాయో కంప్యూటర్లో మోడల్ కట్టి తేల్చడం ఆమె పని. తల్లి యేసమ్మ పోయినప్పటి నుంచి కెజియాకు ఏడుపూ రావడం లేదు, నవ్వూ రావడం లేదు. లెక్కలు మాత్రం వస్తున్నాయి.

ఈ వేసవిలో యాజమాన్యం అయిదు డిపోల్లో మూడే ఉంచుతామంది. ఏ మూడో కెజియాను తేల్చమంది. ఆమె తేల్చింది. పోయే రెండింటిలో ఒకటి పెదపాడు అవతల పెదలంక డిపో. దాన్ని చూసుకునేది ఆమె కన్నతండ్రి విశ్వాసం. వానల్లో రోడ్డు మునిగితే చెరువుల వాళ్ళు మేతకు ఇబ్బంది పడతారని ఆయన ఎప్పుడూ గోడౌన్ నిండా బస్తాలు ఉంచేవాడు. ఆ నిల్వ ఖర్చే డిపోను ముంచింది. రోడ్డు మునిగే నెలల్ని కూడా మోడల్లో చేర్చి చూసింది కెజియా. జవాబు మారలేదు.

మేనేజరు నరసరాజు మంచివాడు. చిక్కంతా మంచివాళ్ళతోనే వస్తుంది.

"మీ నాన్నగారి డిపో కదండీ. అది ఉండి తీరాలని ఒక షరతు పెట్టెయ్యండి. ఖర్చు కాస్త పెరిగినా నేను సంతకం పెడతాను" అన్నాడు.

షరతు పెట్టి చూసింది. పెదలంక నిలిచింది. బదులుగా భీమడోలు డిపో పోయింది. దాన్ని నడిపే సుందరమ్మ, వివరాల కోసం కెజియా ఎప్పుడు వెళ్ళినా ముందు అన్నం తినమనేది.

ఆదివారం చర్చిలో ఆరాధన అయ్యాక కెజియా తండ్రికి అంతా చెప్పింది. సలహా కోసం కాదు. ఆయన సంఘ పెద్ద, వద్దంటాడని నమ్మకం. వద్దంటే ఆ నిర్ణయం తన నెత్తిన ఉండదు.

విశ్వాసం చొక్కా గుండీ తడుముకున్నాడు.

"ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారమ్మా? నాదే ఉంచెయ్యి."

"మరి సుందరమ్మగారు, నాన్నా?"

"ఆవిడకి నువ్వేం చెప్పకు."

సోమవారం షరతు పెట్టిన జవాబునే పంపింది. తండ్రి మీద కోపం రావాలి, రాలేదు. ఆయన ఉద్యోగం నిలిచినందుకు సంతోషమూ కలగలేదు. తనకేమీ అనిపించడం లేదన్న సంగతి ఒక్కటే కాస్త భయపెట్టింది. అదీ మధ్యాహ్నం భోజనం వేళకు పోయింది.

నెలాఖరున సుందరమ్మ డిపో తాళాలు అప్పగించడానికి ఆఫీసుకు వచ్చింది. కెజియా కుర్చీ చూపించింది.

"కంప్యూటర్లో అలా వచ్చిందంటగా అమ్మా" అంది సుందరమ్మ కూర్చుంటూ. "మనుషులు చేసుంటే నాలుగు రోజులు ఏడ్చేదాన్ని. లెక్కకి నేనంటే కోపమా ఏవన్నానా? నువ్వు మనసులో పెట్టుకోకు."

"అలాగేనండీ" అంది కెజియా. తాళాలు అందుకుని, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించింది.