అడుగు తగలని తెడ్డు

మా వైపు తెడ్డు అంటే సంగటి కలిపే కట్టె. పడవ నడిపేదాన్ని కూడా తెడ్డే అంటారని బడిలో చదువుకున్నాను గానీ, పడవ తేలేంత నీళ్ళు మాకెక్కడివి? కుందుర్పి దగ్గర మా ఊరి చెరువులో చిన్నప్పుడు నేను ఎక్కువగా చూసింది నెర్రెలు బారిన మట్టిని, ఆ మట్టి మీద తిరిగే గొర్రెలని. అట్లాంటి ఊరి నుంచి పోయి నౌకాదళంలో ఆఫీసరునయ్యాను. యుద్ధం తర్వాత ఛాతీ మీద పతకంతో తిరిగి వస్తే ఊళ్ళో నన్ను ఓడ దొర అన్నారు. టీ అంగడి దగ్గర కూర్చునే ఒక పెద్దమనిషి మాత్రం నేను వినేటట్టే అనేవాడు: "ఓడెక్కి పోయినాడు, ఓడిపోయి వచ్చినాడు. దానికి బిళ్ళ కూడా ఇచ్చినారప్పా!"

అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి. ఆయన మాటలో నిజం ఎంత ఉందో నాకొక్కడికే తెలుసు.

మా ఓడ మునిగిపోయిన రోజు కొందరం పడవలో బయటపడ్డాం. ఆ పడవతోనే జపాను వాళ్ళకు చిక్కాం. యుద్ధం ముగిసేదాకా సముద్రం ఒడ్డునున్న ఒక చిన్న శిబిరంలో ఉంచారు. మా గుంపులో ఆఫీసరును నేనొక్కణ్ణే. తిండి పంచే పని నాకు అప్పజెప్పారు. ఇనుప పీపాలో గుప్పెడు బియ్యం, ఆకులు వేసి ఉడికించిన గంజి. దాన్ని కలపడానికి మా పడవ తెడ్డునే సగానికి విరిచి వాడేవాళ్ళం.

మా గుంపులో మా జిల్లా మనిషి ఒకడున్నాడు. గుమ్మఘట్ట వైపు వాడు, ఓడ అడుగున బాయిలరుకు బొగ్గు వేసేవాడు. ఓడలో ఉన్నప్పుడు నాకు సలాము కొట్టేవాడు. చెరలో పడ్డాక అన్నా అనడం మొదలుపెట్టాడు. మాటలో సగం కన్నడం కలిసేది. "ఏమన్నా, ఇన్ని నీళ్ళుండాయి ఈడ. ఒక కాలవ తవ్వి మనూరికి మళ్ళిస్తే ఎట్లుంటాది?" అనేవాడు. "ఉప్పునీళ్ళురా" అంటే, "కానీలే, సంగట్లోకి ఉప్పు కొనే దుడ్లు మిగుల్తాయి" అనేవాడు. ఆకలితో పడుకున్నవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

పంపకానికి నేనొక కట్టుబాటు పెట్టాను. జబ్బుపడినవాళ్ళు వరసలో ముందు నిలబడాలి. తర్వాత మిగతావాళ్ళు. అందరికీ పోశాక, చివర నేను. ఈ కట్టుబాటును అందరూ మెచ్చుకున్నారు. విడుదలయ్యాక పై అధికారులతో నా తోటివాళ్ళు చెప్పింది కూడా ఇదే: మా ఆఫీసరు అందరికీ పెట్టి ఆఖరున తిన్నాడు. పతకం వచ్చింది అందుకే.

కానీ గంజి సంగతి కరువు సీమలో పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? మెతుకు అడుగుకు దిగుతుంది. పైన నీళ్ళు తేలుతాయి. పోసిన ప్రతిసారీ అడుగు నుంచి కలపకపోతే ముందు వచ్చినవాడికి నీళ్ళు, చివర ఉన్నవాడికి మెతుకు. మొదట్లో నేను కలిపేవాణ్ణి. ఒకరోజు చేతుల్లో సత్తువ లేక తెడ్డును పైపైన తిప్పాను. ఆ రోజు నా డబ్బాలో పడిన గంజి చిక్కగా ఉంది. మరుసటి రోజు చేతుల్లో సత్తువ ఉంది. అయినా తెడ్డు పైపైనే తిరిగింది. తర్వాత అదే అలవాటైంది. చివర తినేవాణ్ణి కదా, అంత మాత్రం దక్కితే తప్పేమిటని నాకు నేనే చెప్పుకున్నాను.

చివరి వర్షాకాలంలో బొగ్గు వేసేవాడికి కాళ్ళు వాచాయి. తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. విడుదల ఇంకెంతో దూరంలో లేదనగా పోయాడు. సముద్రం ఒడ్డున ఇసకలోనే పూడ్చాం.

ఊరు చేరాక మొదట చేసిన పని వాళ్ళ అమ్మను చూడబోవడం. చిన్న మట్టి మిద్దె. భర్త లేడు, వేరే బిడ్డలు లేరు. ఆమె ఏడవలేదు. "కడాకు తిండన్నా దొరికిందా వానికి?" అని అడిగింది. నేను చెప్పాను: "జబ్బు చేసినప్పటి నుంచి వాణ్ణి వరసలో అందరికన్నా ముందర నిలబెట్టినాను, పెద్దమ్మా. అందరికీ పోసి నేను ఆఖర్న తినేవాణ్ణి."

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నువ్వు నా కడుపున పుట్టకపోయినా నా కొడుకువే, నాయనా" అంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత కొన్నేళ్ళు నౌకాదళంలోనే కొత్తవాళ్ళకు శిక్షణ ఇచ్చే కొలువులో ఉన్నాను. చెరలో సరైన తిండి లేక చూపు దెబ్బతింది. నెమ్మదిగా అక్షరాలు కూడా ఆనకుండా పోతుంటే కొలువు వదిలి ఊరికొచ్చేశాను. అది యాభైల మొదట్లో. వానలు వరసగా మొహం చాటేశాయి. వేరుశనగ విత్తనాలు కూడా వేయించుకుని తినేశారు జనం. ఊళ్ళలో గంజి కేంద్రాలు పెట్టారు. గుమ్మఘట్ట వైపు ఒక కేంద్రాన్ని నడిపే పెద్దగా నన్ను వేశారు. ఆకలి తెలిసిన మనిషని, చెరలో తిండి పంచి పతకం తెచ్చుకున్నవాడని ఎవరో పెద్దలు చెప్పారట.

వంటకు బొగ్గు వేసేవాడి తల్లినే పెట్టాను. ఆమెకు అన్నం పెట్టించే దారి దొరికిందని లోపల కొంచెం తేలికపడ్డాను కూడా. పెద్ద రాగి హండాల్లో జొన్న నూక ఉడికేది. ఆమె తెడ్డు రెండు చేతులా పట్టుకుని, నడుం వంచి, అడుగు నుంచి ఎత్తి ఎత్తి కలిపేది. ఒకరోజు ఆ తెడ్డు చూసి, చెరలో గంజి కలిపింది పడవ తెడ్డుతోనని చెప్పాను. ఆమెకు నవ్వొచ్చింది.

"సముద్రంలో తెడ్డుకు అడుగు తగుల్తాదా, నాయనా?"

"తగలదు పెద్దమ్మా. శానా లోతు."

"అయితే అది తెడ్డెట్లయితాది? అడుగు తగలని తెడ్డూ తెడ్డేనా!" అంది. కట్టెలు ఎగదోస్తున్నవాళ్ళు నవ్వారు. నేను పొయ్యి దగ్గరి నుంచి పక్కకు జరిగాను. ఆమె మాత్రం ఏమీ ఎరగకుండా కలుపుతూనే ఉంది.

గంజి పోసే పనికి ఒక గొర్రెల కాపరిని పెట్టాను. గొర్రెలన్నీ కరువుకు పోయాయి. భార్య అప్పుడే ప్రసవించింది. పోసే పనికి కూలి ఉండదు, ఇంటికి రెండు పూటలా గంజి ఇస్తారు, అంతే. ఆ గంజే వాళ్ళకు ఆధారం. మాట పొదుపు మనిషి. వరసలో అందరూ అయ్యాక ఆఖర్న అతని భార్య పసిబిడ్డను గుడ్డలో కట్టుకుని వచ్చి చెంబు పట్టేది.

ఒకరోజు మధ్యాహ్నం వంట కాడ కేకలు వినిపించాయి. పోయి చూస్తే పెద్దమ్మ ఆ కాపరి భార్య చేతిలోని చెంబును పైకెత్తి అందరికీ చూపిస్తోంది.

"సూడండి! ఈమె చెంబులో తెడ్డు నిలబడతాది. ముందర పోయించుకున్న ఆ ముసిలాయన చెంబులో మొగం కనపడతాది!"

వరసలోని ఒకడు అందుకున్నాడు. "పది దినాల్నించీ నేను అంటానే ఉండా. ఈడ పోసేది గంజి కాదు, కడుగునీళ్ళని!"

"ఏమప్పా, కలపకుండా పోస్తాండావా?" అని కాపరిని నిలదీసింది పెద్దమ్మ.

అతను తల వంచుకున్నాడు. తలెత్తకుండానే అన్నాడు: "బాలింత. పాలు పడల్యా. బిడ్డ ఏడుస్తాండాది."

"మా ఇండ్లల్లో బిడ్డలు పాడుతాండారా?" అన్నాడు వరసలోని మరొకడు. కొందరు నవ్వారు. కాపరి భార్య చెంబు అక్కడే పెట్టి బిడ్డ తలమీద కొంగు కప్పుకుంది.

అందరూ నా వైపు చూశారు. అతన్ని కట్టెలు కొట్టే పనికి మార్చవచ్చు. ఆ పనికీ గంజే ఇచ్చేవాళ్ళం. బాలింతకు ఒక చెంబు ఎక్కువ పోయించే అధికారం కూడా నాకుంది. ఇవన్నీ ఆ నిమిషంలో తట్టకపోలేదు. తట్టాయి. కానీ అంతమంది ముందు ఆ తప్పును చిన్నదిగా చూస్తే, నా తప్పు ఎక్కడ బయటపడుతుందోనని భయం పట్టుకుంది. దొంగ పారిపోయేటప్పుడు దొంగ దొంగ అని అరిచినట్టు అరిచాను.

"నేను చెరలో పురుగులు తేలే గంజి తాగినాను. అందరికీ పోసి ఆఖర్న తాగినాను. ఆకలిగొన్నోళ్ళ నోటికాడ కూడు తీసేటోడికి ఈడ పని లేదు. రేపట్నించి రావద్దు."

జనం తలలూపారు. "అదీ మనిషంటే" అంది పెద్దమ్మ నా వైపు చూపిస్తూ. కాపరి తెడ్డును హండాకు ఆనించి, భార్యను తీసుకుని వెళ్ళిపోయాడు. ఆ చిక్కటి చెంబు అక్కడే ఉండిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు. సాయంత్రానికి ఈగలు ముసిరాయి.

మరుసటి రోజు గంజి పోయడం అయిపోయాక పెద్దమ్మ బూడిదతో హండాలు తోముతోంది. ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను. "లెయ్ నాయనా, గుడ్డలు మాసిపోతాయి" అంది. నేను లేవలేదు. చెప్పేశాను. తెడ్డు మొదట ఏ రోజు పైపైన తిరిగిందో, తర్వాత అది ఎట్లా అలవాటైందో, నా డబ్బాలో గంజి ఎట్లా ఉండేదో. పతకం దేనికొచ్చిందో కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఎదురుచూశాను కూడా.

ఆమె చేతులు ఆగిపోయాయి. హండా లోపలికి చూసింది.

"నా కొడుకును ముందర నిలబెట్టినానంటివే" అంది.

జబ్బుపడినవాళ్ళను ముందు నిలబెట్టిన కట్టుబాటు నాది. పైనుండే నీళ్ళు ముందు నిలబడినవాళ్ళకు పోయేటట్టు చేసిన చెయ్యీ నాదే. ఇన్నేళ్ళలో ఈ రెండింటినీ నేను పక్కపక్కన పెట్టి చూడలేదు. చూడకుండా ఉండడానికే నాకు చాతనైనదంతా చేశాను. ఆమెకు ఒక్క క్షణం పట్టింది.

వాడు ఆ నీళ్ళ వల్లే పోయాడా, జబ్బు వల్ల ఎట్లాగూ పోయేవాడా అంటే చెప్పలేను. ఆమె అడగలేదు. అడిగి ఉంటే అబద్ధం చెప్పేవాణ్ణేమో, అదీ తెలియదు.

ఆమె హండా కడిగి బోర్లించింది. కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పోయి వాన్ని పిల్చుకరాపో" అంది.

కాపరి ఊరు దగ్గరే. ఎండలో నడిచి పోయాను. వాళ్ళ ఇంటి తలుపుకు అడ్డంగా తుమ్మ కంప పెట్టి ఉంది. ఇల్లు వదిలి కూలికి పోయేవాళ్ళు మా వైపు అట్లా కంప పెట్టి పోతారు. పక్కింటి ఆడమనిషిని అడిగాను.

"యాడికి పోయినారమ్మా?"

"తెల్లారే పోయినారు. యాడ కూలి దొరికితే ఆడికి. డ్యాము పనికంటారు, కాఫీ తోటలకంటారు. ఏమి, నువ్వేనా ఓడ దొర?" అంది. ఔనన్నాను. ఆమె లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

తిరిగి వచ్చి పెద్దమ్మతో చెప్పాను. ఆమె తెడ్డు తెచ్చి నా చేతికిచ్చింది.

"రేపట్నించి నువ్వే గంజి పొయ్యి, సార్" అంది.

ఆమె నన్ను సార్ అనడం అదే మొదలు. పెద్దలు ఎదురుగా ఉన్నా నాయనా అనే పిలిచిన మనిషి.

ఆ కరువు తీరేదాకా గంజి నేనే పోశాను. ఆమె పక్కన నిలబడేది. నా చెయ్యి అలసిందనిపిస్తే హండాను గరిటెతో ఒకసారి తట్టేది. చూపు ఆనని నాకు ఆ చప్పుడు చాలు. కేంద్రం పెద్ద స్వయంగా గంజి పోస్తున్నాడని పై అధికారులు మెచ్చుకున్నారు. ఆ మెప్పుతోనే తర్వాత, మాజీ సైనికులకు బీడు భూములు పంచే ఆఫీసులో కొలువు దొరికింది. కాగితాలు చదివి వినిపించడానికి ఒక గుమాస్తాను ఇచ్చారు. అరవైలు నడిచేదాకా అందులోనే ఉన్నాను. సరిహద్దులో యుద్ధం వచ్చినప్పుడు ఊరూరా సభలు పెట్టి నన్ను వేదిక ఎక్కించేవాళ్ళు, చెర సంగతులు చెప్పమని. కదిరిలో ఒక బడి సభలో ఉన్నదున్నట్టు చెప్పాను. గంజి ఎట్లా పోశానో, కాపరిని ఎట్లా వెళ్ళగొట్టానో. అప్పుడు హెడ్మాస్టరు లేచి, గొప్పవాళ్ళు తమ మీద తామే నిందలు వేసుకుంటారనీ, వినయమంటే ఇదీ అనీ చెప్పి చప్పట్లు కొట్టించాడు. ఆ తర్వాత వేదికలెక్కడం మానేశాను.

కాపరి మళ్ళీ కనపడలేదు. గొర్రెల సంతకు పోయినప్పుడల్లా అతని పోలిక ఉన్న మనిషి ఎవడైనా కనిపిస్తే దగ్గరికి పోయి చూసేవాణ్ణి. చూపు సరిగా ఆననివాణ్ణి కాబట్టి బాగా దగ్గరికి పోవాల్సి వచ్చేది. "ఏమి సామీ, గొర్రె కావాల్నా?" అనేవాళ్ళు.

పెద్దమ్మ దగ్గరికి పోవడం మాత్రం మానలేదు. రావద్దని ఆమె అనలేదు. రమ్మని కూడా అనలేదు. ఆమె బాగా పెద్దదైపోయాక ఒక ఎండాకాలం పోతే, రాగి అంబలి కాచుకుంటోంది. కుండలో ఉన్నది ఒక మనిషికి సరిపడేంత. నా ముందు చెంబు పెట్టింది.

"నువ్వు తాగు పెద్దమ్మా, నేను ఆఖర్న తాగుతా" అన్నాను. నోటి నుంచి ఆ మాట ఎట్లా వచ్చిందో.

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఇంటికొచ్చినోళ్ళకు ముందర పోస్తాం, సార్" అంది.

తెడ్డు తీసుకుంది. అది కుండ అడుగును గీరిన చప్పుడు వినపడింది. కలిపి, చిక్కగా నా చెంబులో పోసింది. తర్వాత మళ్ళీ అడుగు దాకా తిప్పి తన చెంబులో పోసుకుంది. రెండు చెంబులూ ఒక్కతీరుగానే ఉన్నాయి.