ఐదు కిలోల సంచి

ఒమాన్‌లో, రూవి బజారులో మేము బియ్యం కొనే దుకాణంలో ఒక శుక్రవారం మా ఆయన సోనా మసూరి బస్తాల ముందు ఆగారు. ఎప్పుడూ అయితే ఇరవై కిలోల బస్తా ఎత్తి ట్రాలీలో పడేసి, "ఇదిగో, ఇంక కొన్నాళ్లు బెంగ లేదు" అనేవారు. ఆ రోజు బస్తా మీద చెయ్యి వేశారు గాని ఎత్తలేదు. కింది అరలోంచి ఐదు కిలోల సంచి తీసి, ట్రాలీలో కూర్చున్న మా బాబు కాళ్ల దగ్గర పెట్టారు.

"ఏంటండీ, ఐదే తీశారు?"

"చాల్లే."

దుకాణం మలయాళీ ఆయనకి మేము ఏళ్లుగా తెలుసు. బిల్లు కొడుతూ ఆ సంచిని ఒక్క చేత్తో ఎత్తి చూసి, "క్యా సాబ్, డైటింగ్ షురూ?" అన్నాడు. మా ఆయన నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ సంచివైపు మళ్లీ చూశాను.

మొదట డబ్బుకి ఇబ్బందిగా ఉందేమో అనుకున్నాను. కారెక్కి సీటుబెల్టు పెట్టుకునేసరికి ఆ ఆలోచన నిలవలేదు. చిన్న సంచిలో కిలో ధర ఎక్కువ పడుతుంది. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ సంగతి నాకు చెప్పింది ఆయనే. పొదుపు చేద్దామనుకునే మనిషి పెద్ద బస్తానే కొంటాడు. పెద్ద బస్తా అయిపోయేదాకా ఇంట్లో తినేవాళ్లు ఉండరని తెలిసిన మనిషే చిన్న సంచి కొంటాడు.

మా ఇల్లున్న అల్ హైల్ వచ్చేదాకా నేనేమీ అడగలేదు. వెనక సీట్లో రెండో తరగతి చదివే మా అమ్మాయి, నాలుగేళ్ల బాబు ఒకే జ్యూస్ డబ్బా కోసం కొట్టుకుంటున్నారు. ఆయన అద్దంలోంచి వాళ్లని చూస్తున్నారు. తిట్టలేదు. అది చూసి కూడా నాకు భయమేసింది.

కాకినాడలో మావాళ్లకి ఇక్కడి రియాల్ అంటే చాలా గొప్ప. రెండొందల రూపాయలు దాటిన డబ్బు అది. ఎవరు ఫోన్ చేసినా జీతాన్ని రూపాయల్లోకి గుణించి, "మీకేంటమ్మా" అంటారు. అద్దెని ఎవరూ గుణించరు. స్కూలు ఫీజుని, బస్సు ఫీజుని, ఎండాకాలం ఏసీ తాగేసే కరెంటుని, బాబుకి జ్వరం వస్తే క్లినిక్‌లో కట్టేదాన్ని ఎవరూ గుణించరు. వచ్చిన కొత్తలో నేను గుణించేదాన్ని. వంద బైసాలకి, అంటే రియాల్లో పదోవంతుకి, ఇచ్చే రొట్టెల కట్ట కూడా రూపాయల్లోకి మార్చుకుని, టమాటాలు మళ్లీ బుట్టలో పెట్టేసి వచ్చిన రోజులున్నాయి. "ఇక్కడ ఉంటూ అక్కడి డబ్బులో ఆలోచిస్తే పస్తులుంటాం" అని ఆయన ఆటపట్టించేవారు. మెల్లగా ఆ అలవాటు పోయింది. ఈ ఏడాది మళ్లీ వచ్చింది, తిరగబడి వచ్చింది. ఇక్కడ పాపకి ఒక టర్ము కట్టేదాంతో అక్కడ ఇద్దరికీ ఏడాది గడుస్తుందే అని కూరగాయలు తరుగుతూ అనుకునేదాన్ని. అనుకుని, అలా ఎందుకు అనుకున్నానా అని ఉలిక్కిపడేదాన్ని.

ఈ దేశం మాకేమీ అన్యాయం చేయలేదు. రోడ్లు శుభ్రంగా ఉంటాయి. ఆడపిల్లతో చీకటిపడ్డాక కూడా ధైర్యంగా నడవొచ్చు. డబ్బున్న దేశంలో డబ్బు లేకుండా ఉండటం ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో మాత్రం ఇక్కడికొచ్చాకే తెలిసింది. ఎవరూ పైకి ఏమీ అనరు. కార్లలో తిరుగుతాం, ఏసీలో పడుకుంటాం. ఒక్కో నెల ఒక్కో అలవాటు మానేస్తాం.

మరుసటి రోజు సాయంత్రం ఆయన సీబ్ బీచ్‌కి వెళ్దామన్నారు. పిల్లలు ఇసకలోకి పరిగెత్తారు. మేము కారు దిగలేదు. ఇంజన్ ఆపకుండా, స్టీరింగ్ మీదే చేతులు పెట్టుకుని చెప్పారు.

"కంపెనీలో నా స్టేటస్ మార్చారు."

"ఏం స్టేటస్?"

"ఫ్యామిలీ తీసేసి బ్యాచిలర్ ఇచ్చారు. ఇంటద్దె ఇవ్వరు. ఫీజు ఇవ్వరు. టిక్కెట్టు నాకొక్కడికే."

ఆయన ఖురంలో ఒక ఆఫీసులో సరుకుల కొనుగోళ్లు చూస్తారు. ఆ ఆఫీసులో పనులు తగ్గాయని నాకు తెలుసు. ఈ మాట ఇలా వస్తుందని మాత్రం అనుకోలేదు.

"ఒప్పుకున్నారా?"

"ఒప్పుకోనివాళ్లు ముగ్గురు ఇంటికి వెళ్లిపోయారు."

"నేను స్కూల్లో చేరతాను. ఎమ్మెస్సీ ఉంది, బీఈడీ ఉంది."

"చేరు. నీ జీతం వీళ్లిద్దరి ఫీజుకి, బస్సుకి. మరి అద్దె?"

"రూవిలో ఇంకో ఫ్యామిలీతో కలిసి ఉందాం. ఎంతమంది ఉండటం లేదు?"

"చూశాను" అన్నారు. "హాలుని చెక్కతో రెండు చేసి అందులో సగం ఇస్తారట. వంటగది పూటలవారీగా. బాత్రూమ్ దగ్గర క్యూ. దానిక్కూడా చాలదు."

అద్దంలోంచి పిల్లలు కనిపిస్తున్నారు. బాబు అక్క తవ్విన గుంటలో కూర్చుని అక్క మీదే ఇసక పోస్తున్నాడు.

"మరి మేం వెళ్లిపోతే మీకు గది?"

"రూవిలో మంచం చూసొచ్చాను."

"గది కాదా?"

"మంచమే. బెడ్ స్పేస్ అంటారు, నలుగురూ కలిసుండే గదిలో ఒక్క మంచం అద్దెకి. కిటికీ పక్కది." తర్వాత, నాకేదో మంచి వార్త చెబుతున్నట్టు, "పైది కాదు, కిందిది" అన్నారు.

నేను ఏడవలేదు. ఆయన ఎప్పుడు చూసొచ్చారో, చూసొచ్చిన రోజు ఇంటికొచ్చి నేను పెట్టిన ఏ కూర తిన్నారో గుర్తు తెచ్చుకుందామని చూశాను. గుర్తు రాలేదు.

ఇక్కడ బ్యాచిలర్ అనే మాటకున్న అర్థం మా ఊళ్లో లేదు. పెళ్లయి మనవలున్నా సరే, భార్యాపిల్లలు పక్కన లేకపోతే బ్యాచిలరే. మా బిల్డింగ్ గేటు మీద 'ఫ్యామిలీలకు మాత్రమే, బ్యాచిలర్లకు లేదు' అని ఇంగ్లీషులో, అరబిక్‌లో బోర్డు ఉంది. మా అమ్మాయి తనంతట తాను కూడబలుక్కుని చదివిన మొదటి బోర్డు అదే. పక్క వర్క్‌షాపు కుర్రాళ్లు ఎండకి తట్టుకోలేక మా మెట్ల నీడలో కూర్చుంటే వాచ్‌మన్ "బ్యాచిలర్, బాహర్" అని తరిమేవాడు. పాప అది చూసి, ఇంట్లోకి దూరిన పిల్లిని కూడా "బ్యాచిలర్, బాహర్" అని తోలేది. మేమెంత నవ్వుకున్నామో.

ఆ వారమే కింది కొట్లో కడప అక్క కనిపించింది. మా వెనక వీధిలో ఒక ఒమానీ ఇంట్లో పని చేస్తుంది. ఇంటావిణ్ని ఇక్కడి పద్ధతిలో 'మామా', అంటే అమ్మా, అంటుంది. ఆ ఇంటి చిన్నపిల్లవాడిని చంకనేసుకుని ఐస్‌క్రీమ్ కోసం వస్తుంటుంది. తెలుగు మాట్లాడాలని ఉన్నప్పుడు నన్ను వెతుక్కుంటుంది.

"ఏం పాపా, మొగం అట్లుండాది?"

"మావారిని కంపెనీలో బ్యాచిలర్ చేశారక్కా."

"అబ్బో. ఇద్దరు బిడ్డల్ని కన్నాక మల్లా బ్యాచిలరా? మీసం దువ్వుకోమను."

నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో కళ్లు నిండిపోయాయి. అక్క నా మొహం చూసి, చంకలో పిల్లవాణ్ని దింపి వాడి చేతికి ఐస్‌క్రీమ్ ఇచ్చింది.

"ఎప్పుడు పోతాండారు?"

"పరీక్షలవగానే. నేనూ పిల్లలూ. కాకినాడలో మా పిన్నివాళ్ల మేడ మీద వాటా ఖాళీగా ఉందట."

"బిడ్డలకేం జెప్పినారు?"

"సెలవులకి వెళ్తున్నామని చెబుదాం అంటున్నారు ఆయన."

అక్క కిందికి వంగింది. పిల్లవాడి గడ్డం మీద కారినదాన్ని కొంగుతో తుడిచింది.

"నేను మా పిల్లోనికి సంతకు పోయొస్తానని జెప్పి వచ్చినా" అంది. "ఏడుస్తాడని. వాడు సంచి తెచ్చి నా చేతికిచ్చినాడు, జామకాయలు తెమ్మని. ఇప్పుడు నాకంటే ఎత్తుండాడు. ఫోన్ చేస్తే 'బాగుండావా మా' అని అడగడు. 'ఏం మా, ఇంగా బేరం తెగలేదా?' అంటాడు. నగుతానే అంటాడులే. నేనూ నగుతా."

ఆ పిల్లవాణ్ని మళ్లీ చంకకెత్తుకుని వెళ్లిపోయింది. వాడు ఆమె భుజం మీంచి నాకు చెయ్యి ఊపాడు.

మా ఇంట్లో సామాన్లు ఒక్కొక్కటే వెళ్లడం మొదలైంది. ముందు బట్టల బీరువా, తర్వాత సోఫా. కొనడానికి వచ్చిన తమిళ దంపతులకి కొత్తగా పెళ్లయింది. ఆ అమ్మాయి సోఫా మీద కూర్చుని, రెండుసార్లు చిన్నగా ఎగిరి, భర్తవైపు చూసి నవ్వింది. మేము కూడా ఎవరి దగ్గరో ఇలాగే కొన్నాం. వాళ్లెందుకు అమ్ముతున్నారని అప్పుడు నేను అడగలేదు.

నిన్న సాయంత్రం ఆయన బాల్కనీలో నిలబడి రూవి గదిలో వాళ్లతో ఫోన్లో మాట్లాడుతున్నారు. "హా భాయ్, బ్యాచిలర్ హీ హూఁ. అకేలా." ఒక్కణ్నే అంటున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. మా అమ్మాయి సోఫా ఉన్నచోట నేల మీద కూర్చుని బొమ్మకి రంగులు వేస్తోంది. పెన్సిల్ ఆపేసింది. లేచి నా దగ్గరికి వచ్చింది.

"అమ్మా, నాన్న బ్యాచిలరా?"

"కాదు తల్లీ."

"ఫోన్లో చెప్పారు. మరి వాచ్‌మన్ అంకుల్‌కి తెలిస్తే నాన్నని రానివ్వడు కదా?"

నేను గరిటె కింద పెట్టాను. ఆయన లోపలికి వస్తూ అంతా విన్నారు. దాని ముందు మోకాళ్ల మీద కూర్చుని, "అదేం లేదమ్మా, ఆఫీసు పని. మీరు సెలవులకి వెళ్తున్నారు కదా, కాకినాడ చిన్నమ్మమ్మ దగ్గరికి" అన్నారు.

"సెలవులకా?"

"సెలవులకే."

అది ఆయన మొహంలోకి చాలాసేపు చూసింది. "మా క్లాసులో ఇద్దరు సెలవులకే వెళ్లారు" అంది. "మళ్లీ రాలేదు. వాళ్ల కుర్చీలు వెనక్కి వేసేశారు."

ఆయన నావైపు చూశారు. నేను పొయ్యివైపు తిరిగాను.

పిల్లలు పడుకున్నాక ఆయన్ని అడిగాను, ఎందుకలా చెప్పారని. "చిన్నపిల్ల. దానికెందుకు ఇవన్నీ" అన్నారు. "నన్ను తలుచుకుంటూ ఏడుస్తూ విమానమెక్కడం నేను చూడలేను. నవ్వుతూ వెళ్లనీ." ఆయన అడిగింది పెద్ద కోరికేం కాదు. పిల్లలు నవ్వుతూ చెయ్యి ఊపడం ఒక్కసారి చూస్తే, ఆ కింది మంచం మీద పడుకుని దాన్నే తలుచుకుంటారు. కానీ కడప అక్క కొడుకు తెచ్చిచ్చిన ఆ సంచి నా కళ్లముందు నుంచి కదల్లేదు. ఆయన నిద్రపోయాక అంతవరకు జరిగిందంతా రాసుకుంటూ కూర్చున్నాను.

ఇవాళ పొద్దున అన్నానికి బియ్యం తీస్తే ఆ ఐదు కిలోల సంచి అడుగు కనిపించింది. స్కూలు బస్సుకి ఇంకా టైముంది. ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అక్కడే నిలబడ్డారు. బాబు పాలు తాగుతున్నాడు. పాప జడ నా చేతిలో ఉంది. అందుకే దాని మొహం నాకు కనబడలేదు. కనబడి ఉంటే చెప్పగలిగేదాన్ని కాదేమో.

మనం వెళ్తున్నది సెలవులకి కాదు, ఉండటానికి అని చెప్పాను. నలుగురం ఇక్కడ ఉండటానికి నాన్న జీతం సరిపోవడం లేదు, అందుకని మనం ముగ్గురం కాకినాడలో ఉంటాం, నాన్న రూవిలో ఉంటారు అని చెప్పాను. ఇక్కడ బ్యాచిలర్ అంటే ఎవరూ లేనివాడని కాదు, ఇంట్లోవాళ్లు దూరంగా ఉన్నవాడని చెప్పాను. నాన్నని ఈ గేటులోకి రానివ్వరన్నది నిజమే, కానీ మనం కూడా ఇక్కడ ఉండం కాబట్టి నాన్నకి ఈ గేటుతో పనుండదని చెప్పాను.

బాబు పాలగ్లాసు దించి, "మరి మళ్లీ ఎప్పుడొస్తాం?" అన్నాడు.

ఆయన గుండీలు పెట్టుకోవడం ఆపేశారు.

నాకు తెలియదు కన్నా అని చెప్పాను.