బొట్టు పెట్టిన రీలు

రీళ్ల కాలంలో ఫొటోలు తీసేవాడికి ఒక గొప్ప సౌకర్యం ఉండేది. తాను చేసిన తప్పు మూడు రోజుల దాకా తనకే తెలిసేది కాదు. ఆ మూడు రోజులూ మేధావిలా తిరగొచ్చు. ప్రొద్దుటూరులో మా మామ స్టూడియోలో చేరిన కొత్తలో నేను అలా చాలాసార్లు తిరిగాను.

ఒక గురువారం జమ్మలమడుగు నుంచి ఒకామె వచ్చింది. వాళ్లమ్మ పక్షవాతంతో ఆరు నెలలుగా మంచంలోనే ఉంది, కాలూ చెయ్యీ ఆడవు. కువైట్‌లో ఉన్న అన్నకు సెలవు దొరకలేదు. అమ్మ ముఖం ఫొటోలోనైనా చూస్తానని అడిగాడట. "ఫ్లాష్ మాత్రం కొట్టాకండప్పా. మెరిస్తే కండ్లు మూసుకుంటాది, మళ్లా శానాసేపు తెరవదు" అంది. పులివెందుల పెళ్లికి బయల్దేరుతున్న మామ "ఆ చీకటింట్లో ఫ్లాష్ లేకుంటే ఏం పడతాదిరా" అని పెదవి విరిచాడు. "పుష్ చేస్తా మామా" అన్నాను. (ఆ మాట నేను నేర్చుకుని వారమైంది.)

పెళ్లిళ్లకు వాడే వంద స్పీడు రీలు పక్కనపెట్టి, తక్కువ వెలుతురులోనూ బొమ్మ పడే నాలుగు వందలది ఎక్కించాను. కెమెరాకు మాత్రం అది పదహారు వందలని అబద్ధం చెప్పాను. అలా తీసిన రీలును ల్యాబ్‌లో కడిగేటప్పుడు మందులో ఎక్కువసేపు ఉంచాలి, లేకపోతే బొమ్మ రాదు. అదే పుష్ చేయడం. వాళ్లది బండల మిద్దె, గదికి అరచేతంత కిటికీ. మంచంలో వాళ్లమ్మ నన్నే చూస్తూ పడుకుంది. ఊపిరి బిగబట్టి పన్నెండు ఫొటోలు తీశాను.

కడప ల్యాబాయనకు ఫోన్ చేస్తే "ఏ రీలో తెలిసేటట్టు గుర్తు పెట్టి పంపప్పా" అన్నాడు. నల్లటి రీలు మీద పెన్ను పడలేదు. దేవుడి పటం దగ్గరున్న కుంకుమతో బొట్టు పెట్టి, బొట్టున్నదాన్ని పుష్ చేయమని చెప్పి, నా తెలివికి నేనే మురిసిపోయాను. మరునాడు శుక్రవారం. పులివెందుల నుంచి వచ్చిన మామ తలస్నానం చేసి, ఎప్పటిలాగే కెమెరాలకూ లైట్లకూ టేబుల్ మీదున్న రీళ్లన్నిటికీ బొట్లు పెట్టి, హారతిచ్చి, రీళ్లను కడప బస్సులో పంపేశాడు. నేనప్పుడు హోటల్లో టీ తాగుతున్నాను.

"అన్నిటికీ బొట్టుండాది. శుక్రవారం పూజ అనుకోని అన్నీ మామూలుగానే కడిగినా" అన్నాడు ల్యాబాయన. పులివెందుల పెళ్లికూతురు తళతళలాడింది. జమ్మలమడుగు అమ్మ మాత్రం ముక్కూ, కొంగు అంచూ తప్ప చీకట్లో కలిసిపోయింది. మళ్లీ తీద్దామని కెమెరా సర్దుకుంటుంటే కబురొచ్చింది. ఆమె పోయింది.

నెల తర్వాత కువైట్ అన్న వచ్చాడు. ఫొటోను వాకిట్లోకి తీసుకుపోయి ఎండలో అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏందప్పా, మా యమ్మ మొగం అగపడల్యా?"

తప్పు నాదని చెప్పడానికి నోరు రాలేదు. "అమ్మ కదిలింది భాయ్" అన్నాను.

ఆయన తలెత్తాడు. "కదిలిందా? ఏంది, చెయ్యా?"

"చెయ్యే. కుడి చెయ్యి."

ఆయన నా భుజం పట్టుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. నన్ను చాలా మంచివాడనుకుని ఉంటాడు.

ఇప్పుడు నా ఫోను చీకటి గదిని కూడా పట్టపగలు చేస్తుంది. ఆనాటి కుర్రాణ్ని, వాడి కుంకుమ తెలివిని తలచుకుంటే నవ్వొస్తుంది, చెవి మెలిపెట్టాలనీ అనిపిస్తుంది. కానీ ఆయన ఈ రోజు మళ్లీ వచ్చి, చెయ్యి నిజంగా కదిలిందా అని అడిగితే, లేదని చెప్పడానికి ఈ వయసులోనూ నాకు నోరు రాదు.