మొక్కు చెల్లిన తర్వాత

నిన్న పొద్దున మా గేటు ముందు మళ్లీ ఆటో ఆగింది. చూడకుండానే ఎవరో తెలిసిపోయింది. కరీంనగర్‌లో మా ఇల్లు పెద్దాసుపత్రికి కూతవేటు దూరం. సుల్తానాబాద్ నుంచి చిన్నబాపును తెచ్చిన ప్రతిసారీ చిన్నమ్మ నన్ను వెంటబెట్టుకునే అక్కడికి వెళ్తుంది. ఆయన చేతులు తువ్వాలతో కట్టి ఉన్నాయి. నన్ను చూసి నవ్వలేదు.

ఆయన మా అమ్మ చెల్లెలి భర్త. దుబాయి నుంచి వచ్చేసిన ఏడాదే ఈ జబ్బు మొదలైంది. నిద్ర ఉండదు, మాట ఆగదు. ఊరి పొలాలన్నిటికీ తానే నీళ్లు పెడతానని పార పట్టుకుని బయలుదేరతాడు, అడ్డొస్తే కొడతాడు. ఎమర్జెన్సీలో సూది వేస్తారు, వార్డులో కొన్నాళ్లు ఉంచి గోలీలు రాసిస్తారు. అక్కడి నర్సులు వరస కలిపి పలకరించేంత పాతకాపు మా చిన్నబాపు. గోలీలు పడితే మనిషి బంగారం. అప్పుడు చిన్నమ్మ ఆయన్ను వేములవాడ తీసుకెళ్లి రాజన్నకు కోడెమొక్కు చెల్లిస్తుంది. కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరిగి, కట్టేసి, ఊరంతా ప్రసాదం పంచుతారు. ఆ మర్నాటి నుంచి గోలీలు బంద్. మొక్కు చెల్లాక కూడా మందు మింగితే దేవుణ్ని నమ్మనట్టేనని ఆమె పట్టుదల. డాక్టరు తిట్టినా అంతే, నేను పోట్లాడినా అంతే. "గా కోడెలు గూడ నన్ను గుర్తువడుతున్నయి బిడ్డా" అని ఓసారి చిన్నబాపే నన్ను నవ్వించాడు.

పోయినసారి నాకో ఉపాయం తట్టింది. చెల్లిస్తేనే కదా గోలీలు మానేది, అసలు మొక్కే వాయిదా వేయమన్నాను. రాజన్న ఎక్కడికీ పోడన్నాను. చిన్నమ్మ భయపడుతూనే ఒప్పుకుంది. వానాకాలం, యాసంగి రెండు పంటలూ ఆయన చేతి మీదుగానే ఇంటికొచ్చాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పోయిన నెల ఆయన ఎవరికీ చెప్పకుండా ఒక్కడే వేములవాడ వెళ్లి కోడెను కట్టేసి వచ్చాడట. ఇంటింటికీ ప్రసాదం పంచి, గోలీలన్నీ కాలువలో పారేశాడట. ఎందుకు చేశావని అడిగితే ఆయన అన్న మాట, నిన్న ఎమర్జెన్సీ బయట బెంచీ మీద కూర్చుని చిన్నమ్మ నాకు చెప్పింది.

"మొక్కు చెల్లకపోతే ఊరు నన్నింకా పిచ్చోడనే అనుకుంటది గదా, జర మంచిగైన మనిషి లెక్క బతకనియ్యరా అన్నడు బిడ్డా."

చెల్లిస్తే మందు ఆగుతుంది, చెల్లించకపోతే ఊళ్లో ఆయనకు ముఖం లేదు. మధ్యలో ఎక్కడ నిలబడమని చెప్పాలో నాకిప్పటికీ తోచడం లేదు. లోపల సూది వేస్తుంటే ఆయన అరుపు వినబడింది. చిన్నమ్మ అప్పటికే కళ్లు మూసుకుని మళ్లీ కోడె మొక్కుకుంటోంది.

కాలమే అన్నీ మాన్పుతుందంటారు. మా చిన్నబాపును మాత్రం అది ముసలివాణ్ని చేసింది, అంతే.