ట్యాంకు దగ్గర నేను చూడని మనిషి

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. నమ్మేవాడైతే వాటిని నాలా ఇష్టమొచ్చినట్టు తయారుచేయలేడు. మా ఆఫీసులో లిఫ్టుకొక దయ్యాన్ని, క్యాంటీనుకొక దయ్యాన్ని కేటాయించింది నేనే. అందుకే ఇది రాయాలంటే భయం కంటే సిగ్గు ఎక్కువగా ఉంది.

దిల్‌సుఖ్‌నగర్‌లో పద్దెనిమిదేళ్ళు అద్దెకుండి, సొంతిల్లు కోసం అరవై ఏడు ఇళ్ళు చూశాం. మా ఆవిడ లెక్కలో తొమ్మిది. ఇంటి పూర్వచరిత్ర చెప్పే ఈసీ ఏమిటో, అది ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే లింకు డాక్యుమెంట్లు ఏమిటో అర్థమయ్యేసరికి నా జుట్టు సగం రాలిపోయింది.

పదో ఇల్లు ఎల్బీ నగర్ వెనక కాలనీలో దొరికింది. నూట ఇరవై గజాల డాబా ఇల్లు. యజమాని యాదమ్మగారు, నల్గొండ వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి. మోకాళ్ళ నొప్పులతో ఒంటరిగా ఉండలేక, పెద్ద అంబర్‌పేట్‌లో కూతురి పక్కన చిన్న ఫ్లాటు కొనుక్కుందామని దీన్ని అమ్ముతున్నారు. ఆ ఫ్లాటుకు సరిపోయేంత ధరే చెప్పారు. న్యాయమైన ధర. కానీ చెప్పిన ధరకి కొనేస్తే మా వంశంలో ఏడు తరాలు నన్ను క్షమించవు.

జిరాక్సుల కట్టలో ఆమె భర్త మరణ ధ్రువీకరణ పత్రం ఉంది. పేరూ తేదీ తప్ప అందులో ఇంకేమీ లేదు. నాకు అదే చాలింది.

మర్నాడు టీ కొట్టు దగ్గర బ్రోకర్ సత్తయ్యతో గొంతు తగ్గించి అన్నాను: "మేడమీద ట్యాంకు దగ్గర ఎవరో పెద్దాయన కనపడ్డాడండీ. గరిటెతో ట్యాంకు మీద కొట్టి నీళ్ళెంతున్నాయో చూస్తున్నాడు. చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. పలకరిస్తే మాయమైపోయాడు."

దయ్యం చేతిలో కత్తి పెడితే ఎవరూ నమ్మరు, గరిటె పెడితే నమ్ముతారు. అది నా అనుభవం. చొక్కా ఎందుకు తిరగేశానో మాత్రం తెలియదు. నోటికొచ్చింది.

"గదేంది సార్, పట్టపగలా?" అంటూ సత్తయ్య గ్లాసు కింద పెట్టేశాడు. పక్కనే ఉన్న మా ఆవిడ నా కాలు తొక్కింది.

రెండు రోజులకు యాదమ్మగారు కబురు పంపారు. పొద్దున పదకొండింటికి, భయపడ్డ మొహం సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆమె మంచినీళ్ళిచ్చి, కూర్చోబెట్టి, ఒక్కటే అడిగారు.

"అంగీ ఉల్టా ఏసుకున్నడా సారూ?"

అవునన్నాను.

ఆమె ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టారు. తర్వాత మెల్లగా చెప్పారు. "ఆ దినం మా ఆయన గరిటె పట్టుకొని నీళ్ళు జూస్తనని పైకి వోయిండు. అంగీ ఉల్టా ఉందని చూసిన. దిగినంక చెప్పుదామనుకున్న. దిగలే. నేనే వోయి చూస్తే పాణం లేదు. అంగీ సీదా చేసి తొడిగినంకనే మందిని పిలిసిన. ఉల్టా అంగీతోని వోయిండని నలుగురు నవ్వొద్దని. నా బిడ్డకు గూడ తెల్వది సారూ."

నా ఒంట్లో నీళ్ళన్నీ వీపు మీదికొచ్చాయి. ఇది మాత్రం పెంచి చెప్పడం లేదు.

"మీకు కనవడ్డడంటే ఇల్లు మీకియ్యమన్నట్టే" అన్నారామె. ఎక్కువిస్తామన్న ఇంకో పార్టీని పంపేశారు. నేనడిగిన ధరకే ఒప్పుకున్నారు. ఇక ఫ్లాటు రాదు కాబట్టి కూతురింటి ముందుగదిలోనే సర్దుకుంటానన్నారు. అప్పుడే నిజం చెప్పాల్సింది. నేను "మీ ఇష్టమమ్మా" అన్నాను.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఫొటోలు, వేలిముద్రలు అయ్యాయి. "ఇష్టంతోనే అమ్ముతున్నరా అమ్మా?" అని గుమస్తా అడిగాడు. ఆమె నావైపు చూసి నవ్వి, "మా ఆయన ఇష్టం గూడ" అన్నారు.

మా ఆవిడ నాతో మాట్లాడటం మానేసి అప్పటికి పదకొండు రోజులు. ఈ లెక్క నిజమే.

బయట మెట్ల దగ్గర యాదమ్మగారిని ఆపాను. అన్ని సంతకాలూ అయ్యాకే ఆపానని గమనించండి. "అమ్మా, నేనెవర్నీ చూడలేదు. ధర తగ్గించడానికి అల్లిన అబద్ధం. తగ్గించిందంతా ఇచ్చేస్తాను, ఆ ఫ్లాటు కొనుక్కోండి" అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని ఓదార్చారు. "భయపడకుర్రి సారూ. ఆయన ఎవ్వల్ని ఏమనడు. అబద్ధమైతే అంగీ సంగతి మీకెవలు జెప్పిన్రు?"

ఆ ప్రశ్న పట్టుకునే సత్తయ్యను అడిగాను, కాగితాలన్నీ మళ్ళీ తిరగేశాను. ఆమెకొక్కరికే తెలిసిన సంగతి నా నోట్లోకి ఎలా వచ్చిందో అర్థం కాలేదు.

మూడేళ్ళుగా ఆ ఇంట్లోనే ఉంటున్నాం. మేడమీద ఎవరూ కనపడలేదు, ఏ చప్పుడూ వినపడలేదు. యాదమ్మగారు ఇంకా కూతురింటి ముందుగదిలోనే ఉన్నారు. వెళ్ళినప్పుడల్లా డబ్బు ఇవ్వబోతాను, తీసుకోరు. "ఆయన ఎట్లున్నడు సారూ?" అని మాత్రం అడుగుతారు.

బాగున్నారమ్మా అని చెప్పి, తల వంచుకుని వచ్చేస్తాను.