పెళ్లి కాగితం లేని కాపురం

ఆమెది కుట్టుపని. అతనిది లిఫ్టుల మరమ్మతు. అతని కంపెనీ ఇచ్చిన రెండు గదుల ఇంట్లో పదిహేడేళ్లు కాపురం చేశారు. పెళ్లి మాత్రం చేసుకోలేదు, మొదట్లో తీరిక లేక, తర్వాత అవసరం కనిపించక.

ఒక మధ్యాహ్నం అతను పనిలోనే కుప్పకూలాడు. ఆసుపత్రిలో నర్సు కాగితం ముందుకు జరిపింది.

"ఆయనకి మీరేమవుతారు?"

"కలిసి ఉంటున్నాం."

"అంటే భార్యేనా?"

"పెళ్లి కాలేదండీ."

నర్సు కాగితం వెనక్కి తీసుకుంది. "రక్తసంబంధీకులుంటే పిలిపించండి."

పక్క మంచం రోగికి పెళ్లై పదకొండు రోజులట. అతని భార్య, చిన్నపిల్ల, అడిగిన చోటల్లా గబగబా సంతకాలు పెట్టేస్తోంది.

అతని అన్న వచ్చాడు. తమ్ముడు పెళ్లి లేకుండా కాపురం పెట్టాడని పదిహేడేళ్లు ముఖం చూడని మనిషి. ఆయనే సంతకం పెట్టాడు. మూడో రోజు శవాన్నీ ఆయనే సంతకం పెట్టి తీసుకున్నాడు. ఆమె ఏడవలేదు. అతని చెప్పులున్న సంచి ఎవరికివ్వాలో తోచక పట్టుకుని నిలబడింది.

నెల తిరక్కుండానే ఇల్లు ఖాళీ చెయ్యమని కంపెనీ ఉత్తరం పంపింది. ఉండిపోయే హక్కు భార్యకేనట.

"దారి లేకపోలేదమ్మా," అన్నాడు లాయరు. "పెళ్లయితే ఒక్క కాగితం చాలు. మీకైతే సాక్షులు కావాలి. మొగుడూపెళ్లాల్లా బతికారని చూసినవాళ్లు చెప్పాలి."

ఆమె అతని అన్న దగ్గరికి వెళ్లింది. "బావగారూ" అనబోయి ఆ మాట మింగేసింది. "మీరొక్క మాట చెప్పండి."

"నేనేం చూశానమ్మా? మీ గడప తొక్కితే కదా!"

"ఎందుకు తొక్కలేదో అదే చెప్పండి."

కోర్టులో ఎదురింటి టీచరమ్మ, "వాళ్లు రోజూ దెబ్బలాడుకునేవారండీ. పెళ్లి కానివాళ్లకి అంత ఓపికెక్కడిది?" అంది. జడ్జిగారు కూడా నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు.

తర్వాత అన్న బోను ఎక్కాడు. "ఈవిణ్ణి వదిలేస్తేనే ఇంటికి రానిస్తానన్నాను. పదిహేడేళ్లు వాడు నన్నే వదిలేశాడు," అని తల దించుకున్నాడు.

ఆమెను భార్యతో సమానంగా చూడాలని, ఇంట్లో ఉండనివ్వాలని తీర్పు వచ్చింది. లాయరు రెండుసార్లు చదివి వినిపించాడు. "సరేనండీ," అంది, ఎవరి సంగతో విన్నట్టు.

అన్న బస్టాపు దాకా వెంట వచ్చాడు.

"అన్నం తిన్నావా అమ్మా?"

తిన్నానంది. తినలేదు. ఇంటికెళ్లి మిషను ముందు కూర్చుని, మర్నాటికివ్వాల్సిన జాకెట్టుకు చేతులు కుట్టడం మొదలుపెట్టింది.