కూలి లేని కల్లం

తెల్ల కాగితాలు ఎవరైనా ఊరికే పంచుతుంటే నాకిప్పటికీ అనుమానమే. వెనకాల ఏదో ఉండే ఉంటుంది. ఈ గుణం నాకు పదో తరగతిలో పట్టుకుంది, మా హెడ్మాస్టరు గారి చలవ వల్ల.

ఎనభైల్లో సంగతి. గుంటూరుకి దక్షిణంగా, ప్రత్తిపాడు దాటాక ఒక ఊరి హైస్కూలు. హెడ్మాస్టరు గారే మాకు తెలుగు చెప్పేవారు. చెప్పడమంటే ఆయన కుర్చీలో కూర్చోవడం, మాలో ఒకరు లేచి పాఠం చదవడం. వ్యాసం రాయమన్న పాపాన ఏనాడూ పోలేదు. గైడులో ఉన్నది బట్టీపట్టి పరీక్షలో దించేస్తే సరిపోయేది. సుద్దముక్క అడిగితేనే కరిచే ఆ మనిషి జనవరి చివర ఒక సోమవారం కాగితాల కట్ట పట్టుకొచ్చి తలా ఒకటి పంచారు.

"నోట్సుల్లో వద్దు, దీనిమీదే రాయండి. 'మా బడి'. పైన ఎవరి పేరు వాళ్లు స్పష్టంగా రాయాలి," అన్నారు.

మర్నాడు 'మిరప పంట'. ఆ తర్వాత స్నేహితురాలికి లేఖ, కల్లంలో గడిపిన రోజు గురించి. ఇంకో రోజు సెలవు చీటీ. అమ్మానాన్నలు కూలికి వెళ్లారు, ఇంటి దగ్గర ఎవరూ లేరు అన్న కారణం కూడా ఆయనే చెప్పారు.

నా పక్కన కూర్చునే టైలరు గారి కూతురు పెన్ను ఆపి నా చెవిలో గొణిగింది. "ఒసే, చూశావా? బడి, మిరప, కల్లం, కూలి. అన్నీ గోడ మీద మాటలే."

నేను రాస్తున్నదాన్ని అరచేత్తో కప్పుకున్నాను.

అంతకుముందు శనివారం మా బడి వెనక గోడ మీద ఎవరో బొగ్గుతో ఇంతేసి అక్షరాలు రాశారు. 'ఇది బడి కాదు. మిరప కల్లం. కూలి లేని కల్లం.'

అందులో అబద్ధమేమీ లేదు. టైంటేబుల్లో పని అనుభవం అని ఒక పీరియడు ఉండేది. ఆ పీరియడులోనూ, దాని తర్వాతి పీరియడులోనూ హెడ్మాస్టరు గారు మమ్మల్ని బడి వెనకున్న తన కల్లానికి తోలేవారు. ఎండబోసిన మిరపకాయల్లోంచి తెల్లబడిన తాలుకాయలు ఏరి పక్కన పెట్టడం మా పని. తుమ్ములు, దగ్గులు, ముక్కు కారడం. ఆ తర్వాత లెక్కల క్లాసులో చేతులు మండుతుంటే పెన్ను పట్టుకోలేకపోయేవాళ్లం. మర్చిపోయి కళ్లు నలుపుకున్నవాడి పని అంతే. అంతకుముందు ఏడు దాకా అది మా పాలెం ఆడవాళ్లు చేసే పని, మా అమ్మ కూడా అందులో ఉండేది. పిల్లలు ఊరికే చేస్తుంటే కూలిచ్చి ఆడవాళ్లనెవరు పిలుస్తారు? ఆ ఏడు అమ్మ పొద్దున్నే లేచి ఎక్కడెక్కడికో పత్తితీతకి నడిచి పోయేది. తెల్లదోమ కొట్టిన పత్తి, అదీ రోజూ దొరికేది కాదు.

హెడ్మాస్టరు గారు ఆ గోడకి సున్నం కొట్టించలేదు. రుజువు పోతుందని కాబోలు, గోనెపట్టా అడ్డం కట్టించారు. రోజూ మా కాగితాలు పట్టుకుని ఆ పట్టా వెనక్కి వెళ్లేవారు. కింద ఆయన చెప్పులు మాత్రం కనబడేవి. అక్షరం అక్షరం పోల్చుకుంటున్నారని మాకు తెలిసిపోయింది. "దొరకనీ. దొరికినవాళ్ల టి.సి.లో నడవడి దగ్గర ఏం రాయాలో నాకు తెలుసు," అని క్లాసులో అన్నారు కూడా.

ఇక చూడాలి మా తిప్పలు. గుమ్మడికాయల దొంగ అంటే అందరం భుజాలు తడుముకున్నాం. ఒకడు ఎడమ చేత్తో రాశాడు. ఒకడు అన్నీ గుండ్రంగా, ఒకడు అన్నీ కోలగా. టైలరు గారి కూతురి అక్షరాలు ఉన్నట్టుండి పక్కకి వాలిపోయాయి. నాకు దాని మీద అనుమానం పడింది. కల్లంలో ఒకరోజు, "మనకి కూలెవరిస్తారే?" అన్నది అదే మరి. తప్పు చేయకపోతే రాత మార్చుకోవడం ఎందుకు?

క్లాసంతా అనుమానించింది మాత్రం నన్ను. మా పాలెం చర్చిలో నల్లబల్ల మీద ఆదివారం వాక్యం రాసేది నేనే. తలకట్టు కొడవలి కొసలా సాగదీయడం నా అలవాటు. ఊళ్లో ఎవరు చూసినా నా రాత గుర్తుపట్టేవారు. శనివారం సాయంత్రాలు నేను రాస్తుంటే అమ్మ చర్చి ఊడుస్తూ చీపురు పట్టుకుని నా వెనక నిలబడి చూసేది. ఇంటి దగ్గర అరుగు మీద సుద్దతో నేను రాసిన దాని మీద దిద్దీ దిద్దీ తన పేరు నేర్చుకుంది. రేషన్ కొట్టులో సిరాపట్టీ పక్కకి నెట్టి, "వేలెందుకయ్యా, పెన్నివ్వు," అనేది. ఆ మాట కోసమే కొట్టుకి వెళ్లేదా అన్నంత సంబరం తనకి.

ఒకరోజు ఎవరూ లేనప్పుడు గోనెపట్టా అంచు ఎత్తి చూశాను. అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. తలకట్లు మాత్రం నావే. నేను రాయలేదు, కానీ నావే. ఎవరో కావాలని నా రాత దించారని తేల్చుకున్నాను. ఇంకెవరు, రోజూ నా పక్కన కూర్చుని చూసేదే! ఆ రోజు నుంచి టైలరు గారి కూతురితో మాట మానేసి మా ఇద్దరి మధ్య సంచి అడ్డం పెట్టాను. నాకు గుంటూరులో కాలేజీ చదువు కావాలి, హాస్టల్లో సీటు కావాలి. నడవడి బాగాలేదని రాస్తే గేటు దగ్గరే తిప్పి పంపిస్తారు. ఆ భయంతో అన్నం సయించేది కాదు.

చివరిగా హెడ్మాస్టరు గారు సామెత ఇచ్చారు. 'దొంగకు తేలు కుట్టినట్టు', విస్తరించి రాయండి. అరిస్తే దొంగతనం బయటపడుతుంది, అరవకపోతే విషం ఎక్కుతుంది, అందుకని దొంగ పళ్లు బిగబట్టుకుని నిలబడతాడు అని ఒక పేజీ రాశాను. ఆయన చదివి, "అనుభవం ఉన్నట్టే రాశావే. రేపు మీ అమ్మని తీసుకురా," అన్నారు.

అమ్మ పని మానుకుని వచ్చింది. ఆఫీసు గదిలో హెడ్మాస్టరు గారు నా కాగితాలు బల్ల మీద పరిచారు.

"ఏమ్మా, గోడ మీద రాత నీ కూతురిది. ఒప్పుకోమను."

"నా బిడ్డ రాయలేదండి."

"మరెవరు రాశారు?"

"నాకేం తెలుసయ్యా, చదువురాని దాన్ని."

నేను ఉలిక్కిపడి అమ్మ వైపు చూశాను. అమ్మ నేల వైపు చూస్తోంది.

"సరే. ఇంకోసారి ఇట్లాంటిది జరిగితే బళ్లోంచి తీసేస్తానని ఇందులో రాశాను. సంతకం చెయ్యి."

"మాకు సంతకాలెక్కడొస్తాయండీ," అంటూ అమ్మ తనే సిరాపట్టీ దగ్గరికి జరుపుకుంది. బొటనవేలు అద్ది కాగితం మీద నొక్కింది.

అప్పుడు తెలిసింది నాకు. తన పేరు వరకే వచ్చనుకున్నాను. నా వెనక నిలబడి ఆవిడ ఎన్ని వాక్యాలు చదువుకుందో! హెడ్మాస్టరు గారు నన్ను అనుమానించారు, క్లాసుని అనుమానించారు, డ్రిల్లు మాస్టారిని కూడా వదల్లేదట. ఎదురుగా నిలబడ్డ ఈ మనిషి మీదికి మాత్రం ఆయన అనుమానం పోలేదు. కూలికిపోయే ఆడదానికి రాయడమేమిటని.

నాకు కోపమొచ్చింది. నా సీటు నీళ్లపాలు చేసేదే కదా అని. దారిలో అడిగేశాను. "అమ్మా, నువ్వేనా?"

"నోరు మూసుకుని నడువు," అంది. కొంత దూరం పోయాక తనే అంది. "కూలి పోతే ఇంకోచోట తెచ్చుకుంటా. బడికి పోయిన పిల్ల చేతులు మండి అన్నం కలుపుకోలేక ఏడిస్తే, చూస్తా కూర్చోమంటావటే?"

నా కోపం ఎటుపోయిందో తెలియదు.

పట్టా వెనక ఏముందని ఊళ్లో నలుగురూ అడగడం మొదలయ్యాక హెడ్మాస్టరు గారు మమ్మల్ని కల్లానికి తీసుకెళ్లడం మానేశారు. పాలెం ఆడవాళ్లకి మళ్లీ కబురొచ్చింది. అమ్మ కూడా వెళ్లి, ఏమీ ఎరగనట్టు ఆయన తాలుకాయలే ఏరింది. టైలరు గారి కూతురితో నేను మాట కలిపాను గానీ అమ్మ సంగతి దానికీ చెప్పలేదు. రేషన్ కొట్టులో అమ్మ మళ్లీ బొటనవేలే వేసేది. కొట్టువాడు, "అదేంటి, మర్చిపోయావా?" అని నవ్వితే తనూ నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు ఏడుపొచ్చేది.

జూన్‌లో టి.సి. కోసం ఇద్దరం వెళ్లాం. కాగితం నా చేతికొచ్చింది. నడవడి దగ్గర 'మంచిది' అని ఉంది. గుమాస్తా అలవాటుగా సిరాపట్టీ జరిపాడు. పక్క కుర్చీలో హెడ్మాస్టరు గారు, గుమ్మంలో ఇంకా నలుగురైదుగురు తల్లిదండ్రులు.

"టి.సి. సరిగ్గా ఉందా?" అని అమ్మ నన్నడిగింది.

ఉందన్నాను.

"అయితే పెన్నివ్వండి," అంది గుమాస్తాతో.

వంగి, నిదానంగా, తన పేరు మొత్తం రాసింది. తలకట్లన్నీ కొడవలి కొసల్లా సాగదీసి మరీ రాసింది. హెడ్మాస్టరు గారు రిజిస్టరు తన వైపు తిప్పుకున్నారు. సంతకం చూశారు, అమ్మని చూశారు, మళ్లీ సంతకం చూశారు. నోరు తెరిచి, గుమ్మంలో ఉన్నవాళ్ల వంక చూసి, మూసుకున్నారు.

ఆ సామెతకి నేను అనవసరంగా ఒక పేజీ రాశాను.